తార్నాకకు ఒక కాన్సుల్ కావాలి

హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీలో చదివే విదేశీ విద్యార్థి కష్టం చాలాసార్లు కాగితంతో మొదలవుతుంది. ఆర్నెల్లకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు దేశంలో దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో నమోదు చేసుకోవాలి. దానికి యూనివర్సిటీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి, అద్దెకున్న విదేశీయుడి వివరాలతో ఇంటి ఓనరు నింపిన ఫారం కావాలి. వీసా పొడిగించాలంటే పాస్‌పోర్టుకు గడువుండాలి. అది అయిపోవస్తే ఢిల్లీలోని తమ దేశపు ఎంబసీ దారి పట్టాలి. క్యాంపస్ పక్కన తార్నాకలో నలుగురితో కలిసి రూము తీసుకుని వండుకు తినే పిల్లవాడికి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం, ఢిల్లీలో బస, తిరుగు టికెట్టు అంటే ఆ నెల గడవడమే కష్టం.

క్యాంపస్‌లో పాఠాలు చెప్పినన్నాళ్లూ సూడాన్, యెమెన్, సోమాలియా, అఫ్గానిస్థాన్ పిల్లలు ఈ కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చేవాళ్లు. నాకు చేతనైంది తక్కువ. ఒక సంతకం, రెండు ఫోన్లు. ‘‘మా దేశం తరఫున ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా సార్?’’ అని అడిగేవాళ్లు. గౌరవ కాన్సుల్ పదవి గురించి నేను తెలుసుకోవడం మొదలుపెట్టింది ఆ ప్రశ్న వల్లే.

హైదరాబాద్‌లో అమెరికా, ఇరాన్ లాంటి దేశాలకు పూర్తిస్థాయి కాన్సులేట్లున్నాయి. అంత ఖర్చు పెట్టలేని, లేదా పెట్టనక్కర్లేదనుకున్న దేశాలు ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషిని గౌరవ కాన్సుల్‌గా పెట్టుకుంటాయి. దక్షిణ కొరియాకు చుక్కపల్లి సురేష్, కజకిస్థాన్‌కు నవాబ్ మీర్ నాసిర్ అలీ ఖాన్, జర్మనీకి బి.వి.ఆర్. మోహన్ రెడ్డి అలా నియమితులైనవాళ్లే. ఈ పదవికి జీతం ఉండదు. సొంత వ్యాపారమో వృత్తో చేసుకుంటూనే ఈ పనీ చూడాలి. ఒక దేశం నియమించాలి, మన ప్రభుత్వం ఒప్పుకోవాలి. చాలామందికి పాస్‌పోర్టు ఇచ్చే అధికారం ఉండదు. కాగితాలు సరిచూసి పైకి పంపడం, కొన్నింటిని ధ్రువీకరించడం, ఎంబసీకీ మనిషికీ మధ్య నిలబడడం వరకే.

పత్రికల్లో మనకు కనిపించే గౌరవ కాన్సుల్ మాత్రం వాణిజ్య బృందం పక్కన శాలువాతో ఉంటారు. అందులో తప్పు లేదు. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందంలో 1977లో మన దేశమూ చేరింది. దాని ఐదో అధికరణం కాన్సుల్ పనుల్లో వాణిజ్యాన్నీ, సాంస్కృతిక సంబంధాలనూ చేర్చింది. కానీ ఆ జాబితాలో మొదటిది వేరు. తన దేశ ప్రయోజనాలనూ, తన దేశ పౌరుల ప్రయోజనాలనూ కాపాడడం. ఆ వరుసలోనే ఈ పదవిని చూడాలని నా పట్టుదల.

ఆ పని ఎలా ఉంటుందో ఒక రాత్రి కళ్లారా చూశాను. హబ్సిగూడ దగ్గర మా విద్యార్థి ఒకడు బైకు మీంచి పడ్డాడు. ఆపరేషన్‌కు రక్తసంబంధీకుల సంతకం కావాలన్నారు ఆసుపత్రిలో. వాళ్లేమో సముద్రం అవతల. ఆ దేశపు గౌరవ కాన్సుల్ పెళ్లి విందు మధ్యలోంచి లేచి వచ్చారు. వస్తూనే హడావుడి చేయలేదు. డ్యూటీ డాక్టరు పేరు అడిగి తెలుసుకున్నారు, ఢిల్లీకి ఫోన్ చేసి కుటుంబం నంబరు తీశారు, తండ్రిని వీడియో కాల్‌లోకి తెచ్చి డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఆయన భాషలో చెప్పించారు. ఇవేవీ ఏ చట్టమూ ఆయనకిచ్చిన అధికారాలు కావు. ఎవరికి, ఏ వరుసలో ఫోన్ చేయాలో తెలియడమే ఆయన విద్య. తెల్లారేదాకా ఆయన బెంచీ మీదే కూర్చున్నారు. కుర్రాడు బతికాడు.

అందరూ బతకరు. విదేశీయుడు చనిపోతే ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు కబురు చేయాలని వియన్నా ఒప్పందంలోనే 37వ అధికరణం చెబుతోంది. ఆపైన మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, పోలీసుల నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు. ఇవన్నీ కుదిరితేనే శవపేటిక విమానం ఎక్కుతుంది. ఈ కాగితాల పేర్లు మనకు కొత్త కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో చదువురాని తల్లులకు కూడా ఇవి నోటికి వచ్చు. దుబాయ్‌లోనో సౌదీలోనో ఎవరో ఒకరు ఫోన్ ఎత్తితే చాలని వారాలు ఎదురుచూసిన జిల్లాలవి. ఎడారిలో మన పిల్లవాడి కోసం మనం ఆశపడే మనిషే, ఇక్కడ సూడాన్ పిల్లవాడికీ కావాలి. 2023 ఏప్రిల్‌లో ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైనప్పుడు, 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోయినప్పుడు, ఇక్కడి పిల్లలకు ఇంటి సంగతులు చెప్పేదీ, వీసా సంగతి చూసేదీ ఎవరన్నది అప్పుడే తేలింది.

జీతం లేని పదవి చిన్నదని ఎవరైనా అంటే నేను యాన్ జ్వార్టెండైక్ పేరు చెబుతాను. లిథువేనియాలో ఫిలిప్స్ కంపెనీ ఉద్యోగి. 1940లో కౌనాస్‌లో నెదర్లాండ్స్ గౌరవ కాన్సుల్ బాధ్యత ఆయన మీద పడింది. డచ్ దీవి కురసావ్‌కు పోవడానికి వీసా అక్కర్లేదని పారిపోతున్న యూదుల పాస్‌పోర్టుల మీద రాసిచ్చారు. కొద్ది రోజుల్లోనే అలా రెండు వేలకు పైగా రాశారు. వాటి ఆధారంగా జపాన్ వైస్ కాన్సుల్ సుగిహారా ట్రాన్సిట్ వీసాలిచ్చారు.

మన గౌరవ కాన్సుళ్లను అంత సాహసం అడగడం లేదు. నెలకో శనివారం ఉస్మానియా క్యాంపస్‌కు రండి. యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. మీ దేశపు పిల్లలు తక్కువుంటే పక్క దేశపు పిల్లల కాగితాలూ చూడండి, దారి చెప్పండి. మీ పేరు, ఫోన్ నంబరు ఆ ఆఫీసు గోడ మీదా, పోలీసు స్టేషన్లలోనూ, ఆసుపత్రుల క్యాజువాలిటీలోనూ కనబడేలా యూనివర్సిటీ రాయించాలి.

తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి ఇంటి ఓనర్లకు కూడా ఒక మాట. విదేశీ విద్యార్థికి ఇల్లు అద్దెకిస్తే 24 గంటల్లోగా ఆ వివరాల ఫారం నింపండి. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆ పిల్లవాడి నమోదు దాని మీద ఆధారపడి ఉంటుంది.