పార్వతీశం టోపీ, సీతారామారావు పరువు

తెలుగు నవలల్లో నవ్వించే నాయకుడెవరని అడిగితే ఆ నవల చదివినవారూ చదవనివారూ కూడా బారిష్టరు పార్వతీశం పేరే చెబుతారు. పాఠకుణ్ణి కలవరపెట్టే నాయకుడెవరని అడిగితే చాలామందికి 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు గుర్తుకు వస్తాడు. ఈ ఇద్దరినీ ఒకరి వెంట ఒకరిని పెట్టి పాఠం చెప్పడం అరుదు. మొదటిది హాస్య నవల, రెండవది మనస్తత్వ చిత్రణ ప్రధానమైన నవల అని మన సాహిత్య చరిత్రలు వాటిని వేరువేరు అధ్యాయాలలో చేర్చాయి. కాని రెంటినీ పక్కపక్కన ఉంచి చదివితే అవి ఒకే ప్రశ్నకు రెండు జవాబులుగా కనిపిస్తాయి. మనిషి తాను కోరుకున్నదాని వైపు అడుగు వేయడానికి ఏం కావాలి? ఆ అడుగు పడకుండా పట్టి ఆపేది ఏమిటి? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నది ఈ విషయాన్నే.

మొక్కపాటి నరసింహశాస్త్రి రచించిన 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం 1924లో వెలువడింది. తరువాతి భాగాలు చాలా ఏళ్లకు గాని రాలేదు. మొగలితుర్రు కుర్రవాడు, నరసాపురంలో చదువుకుంటున్నవాడు, బారిష్టరు కావాలనే ఆశతో ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయలుదేరడం ఇతివృత్తం. ఆ దేశాన్ని గురించి గాని, ఆ చదువును గురించి గాని, చివరకు దారిని గురించి గాని అతనికి తెలిసింది దాదాపు ఏమీ లేదు. దొరలు పెట్టుకునే టోపీ అనుకొని దొరసానుల టోపీ కొనుక్కొని దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు. రైలులో, మద్రాసులో, ఓడలో, సీమలో అడుగడుగునా నవ్వులపాలవుతాడు.

ఈ నవలను పాశ్చాత్య వ్యామోహంపై వ్యంగ్యమని, పల్లెటూరి అమాయకత్వానికి చిత్రణ అని చెప్పడం మామూలు. అది సరైన మాటే. అయితే అంతటితో ఆగితే నవలలోని ఒక ముఖ్యమైన గుణం మన దృష్టిని తప్పించుకుపోతుంది. పార్వతీశం ప్రతి మజిలీలోనూ ఏదో ఒక తప్పు చేస్తాడు. తప్పు తెలిసినప్పుడు సిగ్గుపడతాడు. కాని ప్రయాణం మానడు. టోపీ సంగతి తెలిసిన తరువాత కూడా అతడు వెళ్లవలసిన ఊరు మారలేదు. నవ్వు అతనికి బాధ కలిగించింది గాని దారికి అడ్డం రాలేదు. పాఠకుడు నవ్వుతూ ఉండగానే అతడు మొగలితుర్రు నుంచి లండనుకు, అక్కడి నుంచి ఎడింబరోకు చేరిపోతాడు. నవ్విన మనం మాత్రం కూర్చున్నచోటనే ఉంటాం.

ఇక్కడ కథన పద్ధతిని కూడా గమనించాలి. ఈ కథ చెబుతున్నవాడు పార్వతీశమే. తన టోపీ మీద తానే నవ్వగల స్థితికి చేరుకున్న తరువాత చెబుతున్న కథ ఇది. మరొకరు చెప్పి ఉంటే ఇది ఒక వెర్రివాడి కథ అయి ఉండేది. ఉత్తమ పురుషలో చెప్పడం వల్ల ఒకప్పటి తన అజ్ఞానాన్ని దాచుకోనవసరం లేని మనిషి కథ అయింది. మొక్కపాటివారి హాస్యంలో విషం లేకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. చదువుకున్నవాడు చదువు రానివాణ్ణి చూసి నవ్వే నవ్వు కాదది. నేర్చుకున్నవాడు నేర్చుకోకముందు తానున్న తీరును తలచుకొని నవ్వుకునే నవ్వు.

తెనుగు నవలలో మరో కొసకు పోదాం. త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' 1940లలో వచ్చింది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు దీనిని పేర్కొంటూ వచ్చారు. సీతారామారావు కలవారి ఇంట పుట్టినవాడు. అతని తండ్రి దానధర్మాలతో ఊళ్లో పేరు సంపాదించుకున్నవాడు. ఆ వంశ ప్రతిష్ఠను నిలబెట్టే బాధ్యత కొడుకు మీద పడింది. ఆస్తి కరిగిపోతున్నా చెయ్యి వెనక్కు తీయడం అతనికి చేతకాదు. ఆ తరువాత అన్నిటినీ, అందరినీ అనుమానించడం మొదలుపెడతాడు. మనుషులు చేసే ప్రతి మంచిపనిలోనూ స్వార్థమే కనిపిస్తుంది. ఎదుటివాడి మాటకు ప్రతి మాట అతని దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చేయవలసిన పని మాత్రం ఎప్పుడూ మిగిలిపోయే ఉంటుంది. చివరకు శ్మశానంలో అతని కథ ముగుస్తుంది.

పేర్లలోనే ఒక విశేషముంది. యాత్ర అన్న మాట సీతారామారావు పుస్తకం పేరులో ఉంది. ప్రయాణం మాత్రం పార్వతీశం చేశాడు. బారిష్టరు అన్న మాట పార్వతీశం పుస్తకం పేరులో మొదటి పుట నుంచీ ఉంది. మొదటి భాగమంతటా అతడు బారిష్టరు కానే కాదు. అంటే ఒకరిని రచయిత అతనికి లేనిదానితో పిలిచి వెక్కిరించాడు. మరొకరిని ఇంకా చేతికి రాని కలతోనే పిలిచాడు. ఆ పిలుపులోనూ వెక్కిరింపు ఉంది గాని, దానితోపాటు ఒక నమ్మకం కూడా ఉంది.

మరి ఈ ఇద్దరి మధ్య తేడా ఎక్కడ ఉంది? తెలివిలో మాత్రం లేదు. తెలివిలో సీతారామారావే పైమెట్టు మీద ఉన్నవాడు. ఆలోచన అతనికి ఉన్నంతగా పార్వతీశానికి లేదు. తేడా వాళ్లు నెత్తిన మోస్తున్న బరువులో ఉంది. పార్వతీశం నెత్తిన ఉన్నది టోపీ. తప్పని తెలిస్తే తీసి పక్కన పెట్టవచ్చు. సీతారామారావు నెత్తిన ఉన్నది తండ్రి వదిలివెళ్లిన పరువు. దానిని దించి కింద పెడితే తాను ఎవరో అతనికే తెలియదు. పని మొదలుపెడితే తప్పు జరగవచ్చు, తప్పు జరిగితే పదిమంది నవ్వవచ్చు, నవ్వితే పరువు పోవచ్చు. ఈ లెక్క ప్రకారం ఏ పనీ మొదలుపెట్టకపోవడమే క్షేమం. అసమర్థత అని గోపీచంద్ పేరు పెట్టిన గుణం వెనుక ఉన్నది శక్తిహీనత కంటే ఈ భయమేనని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక అపోహకు తావివ్వకూడదు. ఆలోచించడం తప్పు, గుడ్డిగా ముందుకు దూకడమే ఒప్పు అని ఈ పోలిక వల్ల తేలదు. గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చింది ఎందుకని ప్రశ్నించడం తనకు నేర్పిన తండ్రికి. ఆ తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి. ఆయన చేతిలో ప్రశ్న ఒక పనిముట్టు. దానితో పురాణాలను తిరగదోడాడు, నాటకాలూ కావ్యాలూ రాశాడు. సీతారామారావు దగ్గరకు వచ్చేసరికి అదే ప్రశ్న గోడ అయి కూర్చుంది. ఎందుకు చేయాలి అని అడగడం, జవాబు దొరకలేదు కాబట్టి చేయకపోవడం, చేయలేదు కాబట్టి మళ్లీ అడగడం. ప్రశ్నను ప్రేమించిన రచయితే ప్రశ్నలో మునిగిపోయినవాడి కథ రాయడంలో ఈ నవల నిజాయితీ ఉంది.

పార్వతీశం కల కూడా లోపం లేనిది కాదు. అది అరువు తెచ్చుకున్న కల. బారిష్టరు హోదాను చూసి పుట్టిన మోజే గాని ఆ వృత్తిలో ఏం చేయాలో తెలిసి పుట్టిన కోరిక కాదు. అయితే కల స్వచ్ఛమైనదా కాదా అని తేల్చుకునే వరకు ఆగి ఉంటే అతడు మొగలితుర్రు పొలిమేర దాటేవాడు కాదు. చదువు ముగించి తిరిగి వచ్చిన పార్వతీశం తరువాతి కథలో జాతీయోద్యమం వైపు మళ్లుతాడు. హోదా కోసం బయలుదేరినవాడికి లక్ష్యం దారిలో దొరికింది. లక్ష్యం ముందుగా స్పష్టం కావాలి, ఆ తరువాతే ప్రయాణం అని మనం అనుకుంటాం. ఈ నవల మాత్రం నడక మొదలైన తరువాతే చూపు తేటపడుతుందని చెబుతోంది.

ఈ రెండు నవలల పరిమితి ఒకటి చెప్పి తీరాలి. ఇద్దరూ కాస్త కలిగిన ఇళ్ల మగపిల్లలు. నవ్వులపాలయ్యే స్వేచ్ఛ కూడా అందరికీ సమానంగా దొరకదు. ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన ఆడపిల్లను ఆ కాలపు సమాజం నవ్వి వదిలిపెట్టేది కాదు. రోజు కూలి మీద బతికే ఇంటి కుర్రవాడికి దారి ఖర్చే దొరకదు. కాబట్టి పార్వతీశం ధైర్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ ధైర్యానికి వెనుక ఉన్న ఆసరాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇది కథలకే పరిమితమైన సంగతి కాదనడానికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) తన ఉద్యోగ జీవితం గడిపింది పర్లాకిమిడిలో. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరింది. ఊళ్లోకి వచ్చే సవరలను చూసి వాళ్ల భాష నేర్చుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. అప్పటికి ఆ భాషకు పాఠ్యపుస్తకం లేదు, నేర్పే బడి లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో ఉంచుకొని మాట మాట నేర్చుకున్నారు. సవరల కోసం పుస్తకాలు తయారు చేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వాడుక భాష కోసం ఆయన నిలబడినప్పుడు పండితులు దానిని గ్రామ్యమని ఈసడించారు. ఆ ఈసడింపును భరించి ఆయన ఆధారాలు కూర్చుకుంటూ పోయారు. ఇవాళ మనం ఈ వ్యాసాన్ని ఈ భాషలో చదువుకోగలుగుతున్నామంటే అందులో ఆ ఓర్పుకు భాగముంది. తెలుగు వచనాన్ని మార్చిన మనిషి తన పనిలో అధిక భాగం చేసింది ఇవాళ్టి రాష్ట్ర సరిహద్దుకు అవతలి ఊళ్లో అన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇంత చెప్పడానికి కారణం లేకపోలేదు. హోసూరు నుంచి, మదురై నుంచి, బళ్లారి, కోలారు నుంచి, బరంపురం, షోలాపూరు నుంచి తెలుగు చదవడానికి వచ్చే పిల్లల దగ్గర తరచు వినబడే మాట ఒకటుంది. మాది ఇంటి తెలుగు, అక్కడివాళ్ల ముందు నోరు విప్పితే నవ్వుతారు అని. ఇది ఊహించుకున్న భయం కాదు. నవ్వేవాళ్లు ఉన్నారు. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లిపి రాని కుటుంబాలు దక్షిణాదిలో ఎన్నో ఉన్నాయి. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం బడులలో తరగతి తరువాత తరగతిగా నిర్బంధ విషయమైన తరువాత, తెలుగును మొదటి భాషగా చదివే వీలు మరీ కుంచించుకుపోయింది. ఈ స్థితిలో అమ్మమ్మ నోటి మాటలను రాసిపెట్టాలని, తమ ఊరి పెళ్లిపాటలను సేకరించాలని, తమ వీధి కథ రాయాలని కోరిక ఉన్నవాళ్లు మన తరగతులలో తక్కువేమీ లేరు. అయితే ముందు శుద్ధమైన తెలుగు రావాలి, ఆ తరువాత మొదలుపెడదాం అని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. ఆ వాయిదా గడువులో అమ్మమ్మలు వెళ్లిపోతున్నారు. వాళ్లతోపాటు వంటింటి మాటలు, పనిముట్ల పేర్లు, లాలిపాటలు వెళ్లిపోతున్నాయి. అవి మరో ఊళ్లో దొరకవు.

ఆ వాయిదాలో మాట్లాడుతున్నది సీతారామారావు. నాకు ఇంకా రాదు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టను అనడం వినయంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం పరువు భయం. పార్వతీశమైతే తప్పుల తడకగా ఉన్న మొదటి పుటను తీసుకొని ఈపాటికి రైలెక్కి ఉండేవాడు. ఆ పుటను చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు, దిద్దేవాళ్లు కూడా ఎవరో ఒకరు దొరుకుతారు. రాయని పుటను దిద్దడం మాత్రం ఎవరి తరమూ కాదు.

రెండు నవలలనూ ఒకే వారంలో చదవమని విద్యార్థులకు నా సూచన. ముందు గోపీచంద్‌ను చదవండి. సీతారామారావు మీద కోపం వస్తే, ఆ కోపం అతని మీదేనా, మన మీదా అని కాసేపు ఆలోచించండి. ఆ తరువాత పార్వతీశంతో కలిసి నవ్వండి. నవ్వు ముగిశాక నోటుపుస్తకం తీసుకొని ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చోండి. తెలుగు లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే రాసుకోండి. ఆ రాత్రికి పది మాటలు పుస్తకంలోకి ఎక్కితే మొగలితుర్రు దాటినట్టే.