వలయంలో నిలబడి ఆడే ఆట

బాస్కెట్‌బాల్‌లో ఒకరు ఫ్రీ త్రో వేస్తుంటే బుట్ట వెనక కూర్చున్న జనం కేకలు పెడతారు, చేతులూపుతారు. గురి చెడగొట్టడం అక్కడ అభిమానంలో భాగం. పుదుచ్చేరిలో ఇప్పటికీ బతికున్న ఫ్రెంచి ఆట పెటాంక్‌లో అది తప్పు. బంతి వేయడానికి ఒక నిమిషం గడువు ఉంటుంది. ఆ నిమిషంలో ప్రత్యర్థులు నడవకూడదు, సైగలు చేయకూడదు. ఆటగాళ్లే కాదు, చూసేవాళ్లూ నిశ్శబ్దంగా ఉండాలి. ఎదుటివాడి ఏకాగ్రతను కాపాడే బాధ్యత మన మీద పెట్టిన ఈ నియమమంటే నాకెంతో గౌరవం.

ఆట పుట్టుకలోనే ఆ మర్యాద ఉంది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, లా సియోతాలో, 20వ శతాబ్దం తొలి ఏళ్ల మాట. అప్పటిదాకా అక్కడ అడుగులు వేస్తూ ముందుకొచ్చి బంతి విసిరేవారు. కీళ్లవాతం వల్ల జూల్ లెన్వార్ అనే ఆటగాడికి అది సాధ్యం కాలేదు. అతణ్ని పక్కన కూర్చోబెట్టకుండా, నిలబడే వేసేలా ఆటనే మార్చారు. పుదుచ్చేరిలో 1954లో ఫ్రెంచి పాలన పోయినా ఆట పోలేదు. ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు, ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు దాన్ని నిలబెట్టారు. ఫ్రెంచివాళ్ల పాత పేట వైట్ టౌన్‌లో ఫ్రెంచి వీధి పేర్లతో పాటు మిగిలిన వారసత్వంలో ఇదీ ఒకటి.

నేల మీద 35 నుంచి 50 సెంటీమీటర్ల వెడల్పున వలయం. బంతి నేలను తాకేదాకా రెండు పాదాలూ అందులోనే ఆనించి ఉంచాలి. ఆరు నుంచి పది మీటర్ల దూరంలో కొషొనె అనే చిన్న గోళీ ఉంటుంది. 650 నుంచి 800 గ్రాముల లోహపు బంతిని దాని దగ్గరికి చేర్చాలి. ముందుగా 13 పాయింట్లు తెచ్చుకున్న జట్టుదే గెలుపు.

అరచేయి కిందికి ఉండేలా బంతిని పట్టుకోవడం తొలి పాఠం. అప్పుడది వేళ్ల మీదుగా జారుతూ వెనక్కి తిరుగుతుంది, నేల తాకాక దూరం దొర్లిపోదు. నేల నున్నగా ఉంటే కూర్చుని దొర్లిస్తారు. గులకరాళ్లుంటే ఎత్తుగా లేపి, గోళీ పక్కనే దించుతారు. బంతి ఎక్కడ పడాలో ముందే నేల మీద ఒక చోటు చూసిపెట్టుకోవాలి. చేయి కన్నా ముందు కన్ను ఆడాలి.

ముగ్గురి జట్టులో తలా రెండు బంతులు. ఒకరు దగ్గరికి చేర్చేవాడు, ఒకరు కొట్టేవాడు, మధ్యవాడు రెండూ చేస్తాడు. ప్రత్యర్థి బంతిని ఎగరగొట్టి, దాని చోటే తన బంతిని నిలిపితే అది కారో. మన పిల్లలు గోలీలాటలో కేరింతలు కొట్టేదీ అలాంటి దెబ్బకే. చప్పట్లన్నీ కొట్టేవాడికే. నా మట్టుకు నాకు దగ్గరికి చేర్చేవాడే గొప్ప. బాస్కెట్‌బాల్‌లో బంతి అందించి బుట్ట వేయించినవాడికి అసిస్ట్ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ ప్రత్యర్థిని ఇరకాటంలో పెట్టి, అతని మంచి బంతులు ఖర్చు చేయించినవాడి శ్రమ ఏ పట్టికలోనూ కనిపించదు. తోటివాళ్లకు తెలుస్తుంది, అంతే.

రెండు బంతులు సమానంగా కనిపిస్తే టేపుతో కొలుస్తారు. ఆఖరున వేసిన జట్టే కొలవాలి. కావాలంటే ప్రత్యర్థులూ మళ్లీ కొలుచుకోవచ్చు, అది ఆటలో వారి హక్కు. అంపైర్ లేని సాయంకాలపు ఆటలు ఆ నమ్మకం మీదే సాగుతాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న మన యానాం బడుల్లో పిల్లలకు ఈ ఆట నేర్పితే బాగుంటుంది. కావలసింది కాస్త గట్టి నేల, కొన్ని బంతులు, ఒక టేపు. టేపు మొదటిరోజే పిల్లల చేతికివ్వాలి.