నిరీక్షణ, సమాధానము: తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమున రెండు పదములు

తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమును మొదటిసారి చేతఁబట్టిన పండితునకు రెండు పదములు త్రోవ కడ్డము నిలుచును. ఒకటి ‘నిరీక్షణ’, రెండవది ‘సమాధానము’. మొదటిదానికి సంస్కృతమునఁ బరికించి చూచుట యనియు, రెండవదానికి లోకవ్యవహారమునఁ బ్రశ్నకుఁ జెప్పు నుత్తరమనియు నర్థములు ప్రసిద్ధములు. ఈ గ్రంథములందో, నిరీక్షణ యనఁగా రాఁబోవు మేలునెడ నమ్మకముతోడి యెదురుచూపు. సమాధాన మనఁగా నెమ్మది. ఆశ యనియు శాంతి యనియు నెల్లరెఱిఁగిన మాటలుండఁగా నీ చుట్టుత్రోవ యేల యని యాక్షేపము. ఇట్టి పదములను జూచి ‘పాదిరితెలుఁగు’ అని పరిహసించి పుస్తకమును మూసినవారును గలరు.

ఈ యాక్షేపము మాటలతోనే ముగియునదైనచో నింత వ్రాయఁ బనిలేదు. కూలికిఁ బోయి, పొలము దున్ని, బిడ్డలఁ బెంచి, రోగమును మరణమును నెదుర్కొను సామాన్యులు తమ దినములను దేనిని బట్టుకొని గడపిరో తెలిపెడి పదము లివి. పదము మాఱినచో భావము నిలుచునా యనునదియే యిచ్చట విచార్యము. నిలువదనియు, ఈ రెండు పదములును భాషాంతరీకర్తల యసామర్థ్యమునకుఁ గాక వారి వివేకమునకు గుర్తులనియు నిరూపించుట యీ వ్యాసము పని.

ముందుగాఁ జరిత్రము కొంత. జర్మనుదేశీయుఁడగు బెంజమిను షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధముననే బైబిలును దెలుఁగు చేసెను గాని యది యచ్చున కెక్కలేదు. 1805వ సంవత్సరమున విశాఖపట్టణము చేరిన లండను మిషను బోధకులు క్రాన్, డె గ్రాంజి యనువారు మరల నీ పనికిఁ బూనిరి. ఆనందరాయఁడను బ్రాహ్మణ క్రైస్తవుఁడు వారికిఁ దోడ్పడెను. మూఁడు సువార్తలు 1812లో శ్రీరాంపురమునను, క్రొత్తనిబంధన 1818లో మద్రాసునను ముద్రితములైనవి. సంపూర్ణమగు బైబిలు 1854లో వెలువడెను. ఆపైని పలుమాఱులు సవరణలు జరిగినవి. ఈ కృషియందు దేశీయ పండితుల చేయి యుండెను గనుక, ‘ఆశ’, ‘శాంతి’ యను మాటలు తెలియక యీ పదములను వాడిరనుట పొసఁగదు.

ఇఁక ‘ఆశ’ను విచారింతము. మన వాఙ్మయమున నిది మంచిపేరు గాంచిన పదము కాదు. దిక్కునకును ఆశ యనియే పేరు. అంతు లేకుండుట రెంటికిని సమాన ధర్మము. గీత పదునాఱవ యధ్యాయమున ఆసురస్వభావులను వర్ణించుచోట ఆశ నూఱు త్రాళ్ల బంధము. శంకరుల పేరఁ బ్రసిద్ధమైన మోహముద్గరమున నది పండ్లూడిన ముదుసలిని సైతము విడువనిది. ‘ఆశాపాశము’ అను సమాసము చదువురాని వారి నోటను వినవచ్చును. నిరాశ తెలుఁగువాడుకలో దుఃఖము, వేదాంతమున గుణము. ఇట్టి పదమును గొనిపోయి, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ యధ్యాయమున విశ్వాసమునకును బ్రేమకును నడుమ నిలిపినచో, చదువరి గుణములలో దోషమొకటి చేరెనని యనుకొనును. పాతనిబంధనమున ఆశ యను మాట లేకపోలేదు. 130వ కీర్తనయందే కలదు. కాని యపొస్తలుల పత్రికలందు సద్గుణముగాఁ జెప్పఁబడినచోట నిరీక్షణయే స్థిరపడినది.

‘నిరీక్షణ’ యను శబ్దమున నుండు ధాతువు ‘ఈక్ష’, చూచుట. పౌలు రోమీయుల కిచ్చిన పత్రిక 8వ యధ్యాయమునఁ గంటఁబడినదానియెడ నిరీక్షణ పొసఁగదని వాదించుచున్నాఁడు. ఆ వాదమునకుఁ దగ, ‘నిర్’ అను నుపసర్గకు లేమి యర్థము చెప్పి, ‘చూపునకు రానిది’ అని పదమును విడఁదీయ నెవరికైనను మనసగును. అది వ్యాకరణసమ్మతము కాదు. ఇచ్చట నుపసర్గ చూపు నిలుకడను దెలుపునదే. ఱెప్ప వాల్పక చూచుట యని భావము. అయినను విరోధము లేదు. తెలుఁగున ‘ఎదురుచూచు’ అను మాటయు నిట్లే పుట్టినది. ఊరికిఁ బోయిన వాని కొఱకు దారివంకఁ జూచుచున్నవానికి చూపు కలదు; చూడఁబడవలసినవాఁడు మాత్ర మింకను రాలేదు. పౌలు చెప్పినది సరిగా నిదియే. బైబిలు భాషాంతరమున నిరీక్షణకు సరిగాఁ గానవచ్చు ‘కనిపెట్టుకొను’ అను దేశ్యక్రియయుఁ ‘గను’ ధాతువునుండియే వచ్చినదగుట గమనింపఁదగును.

మూలభాషను జూచినచో నీ పదము సొంపు మఱింత తెలియును. హెబ్రీభాషలోఁ గనిపెట్టుకొని యుండుటకు ‘ఖావా’ యని ధాతువు. ఆశకుఁ బేరైన ‘తిఖ్వా’ యను నామము దానితోఁ జేరినది. చిత్ర మేమన, యెహోషువ గ్రంథము 2వ యధ్యాయమున యెరికో పట్టణపు రాహాబు తన కిటికీకిఁ గట్టిన తొగరుదారమునకును నిదే రూపము. అనఁగా హెబ్రీయులకును ఆశ త్రాడే. కాని యది కట్టివేయు త్రాడు కాదు. పట్టణము కూలునపుడు ఇంటివారినెల్ల బ్రదికించిన త్రాడు.

రాహాబు వేశ్య. మన భాగవతమున నేకాదశస్కంధమునఁ బింగళయు వేశ్యయే. విదేహనగరమున నామె యలంకరించుకొని వాకిట నిలిచి, ధనమిచ్చు విటునికై నడురేయి దాఁక లోనికిని వెలికిని దిరిగి, తుదకు విసిగి, ఆశ విడిచి సుఖముగా నిద్రించెను. అవధూత యామెను దన గురువులలో నొకతెగా యదువునకుఁ జెప్పెను. ఒకతె త్రాడు తెంచుకొని సుఖించెను. ఒకతె త్రాడు కట్టి బ్రదికెను. ఈ రెండు కథలను బట్టి మన గ్రంథములు నైరాశ్యమును, వారి గ్రంథము లాశను బోధించునని తేల్చుట తొందరపాటు. పింగళ విడిచినది విటాశను మాత్రమే; పిదప నామె హృదయస్థుఁడగు నీశ్వరుని నాశ్రయించెను. భేద మెచ్చటనన, ఆ యాశ్రయమునకు మనవారు ‘ఆశ’ యను పేరు పెట్టలేదు. కావుననే భాషాంతరీకర్తలకు వేఱు పేరు వెదకవలసి వచ్చినది.

ఇఁక 130వ కీర్తనయందలి రాత్రిని బింగళ రాత్రితోఁ బోల్చి చూడుఁడు. అందు భక్తుఁడు తెల్లవాఱుటకై కనిపెట్టు కావలివానికంటె నెక్కుడుగాఁ దాను ప్రభువు కొఱకుఁ గనిపెట్టుచున్నాఁడని పోలిక. విటుఁడు వచ్చునో రాఁడో. ప్రొద్దు పొడుచుట తప్పదు. కావలివాఁడు తొందరపడినను సూర్యుఁడు ముందుగా రాఁడు, నిద్రించినను మానఁడు. అయినను వాఁడు నిద్రింపఁడు. అది వాని పని. ఆశ తన కోరికను జూచును; నిరీక్షణ వచ్చువానిని జూచును. ఈ భేదమును ‘ఆశ’ యను పదము మోయఁజాలదు.

రెండవ పదము ‘సమాధానము’. సమ్, ఆఙ్ అను నుపసర్గలతోఁ గూడిన ‘ధా’ ధాతువునుండి పుట్టినది. చెదరినదానిని గూర్చి యొక్కచో నిలుపుట యని యవయవార్థము. శాస్త్రములందు సంశయముచేఁ జీలిన బుద్ధిని గూర్చునది గనుక నాక్షేపమున కుత్తరము సమాధానమైనది. వేదాంతమున శమము మొదలగు నాఱు సంపదలలోఁ జిత్తైకాగ్రత సమాధానము. తెలుఁగువాడుకలో వేఱుపడిన యన్నదమ్ములు సమాధానపడుదురు. ఏడ్చువారిని బెద్దలు సమాధానపఱతురు. ‘శాంతి’ యందలి ‘శమ్’ ధాతువునకు అణఁగుట యర్థము. అగ్ని శాంతించును, కోపము శాంతించును, గ్రహములకు శాంతి చేయుదురు. అణఁగుటకు రెండవవాఁడు లేకున్నను గొఱఁత లేదు. కూడుటకు రెండవవాఁ డుండవలయును.

హెబ్రీయుల ‘షాలోమ్’ అను పదమునకు మూలార్థము కొఱఁత లేకుండుట, నిండుదనము. ఆ ధాతువునుండియే అప్పు తీర్చుట కర్థమైన క్రియయుఁ గలిగినది. ఇట్టి పదమునకు అణఁగుటను దెలుపు శబ్దముకంటెఁ గూర్చుటను దెలుపు శబ్దమే దగ్గఱ. మత్తయి సువార్త 5వ యధ్యాయమున, బలిపీఠమునొద్దకుఁ గానుక తెచ్చినవానికి సహోదరునితో వైరమున్నట్లు జ్ఞప్తికి వచ్చినచోఁ గానుక నచ్చటనే విడిచి, ముందు పోయి వానితో సమాధానపడవలెనని విధి. ఇచ్చట ‘శాంతించుట’ యనిన వాక్యము చెడును. కోపమణఁచుకొని యింటఁ గూర్చుండినను విధి తీఱినట్లగును. సమాధానపడవలెనన్నచో నా యింటి తలుపు తట్టవలసినదే. క్రైస్తవ సమాధానము నిత్యజీవనమున నడుగిడు చోటు ఈ గడపయే.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ యధ్యాయమున నీ పద మింకొక రూపమునఁ గానవచ్చును. పౌలు బంధనములందుండి వ్రాసిన పత్రిక యిది. దేనిని గూర్చియుఁ జింతపడక మనవులను దేవునికిఁ దెలుపుఁడనియు, అపుడాయన సమాధానము హృదయములకుఁ గావలి యుండుననియు నందలి భావము. ‘కావలి’ యనుచోట గ్రీకుమూలమున సైనికులు కోట కాచుటను దెలుపు క్రియ కలదు. కీర్తనయందు మనుష్యుఁడు కావలివాఁడు. ఇచ్చట సమాధానమే కావలివాఁడు. చెఱసాలలోఁ గావలివారి నడుమ నున్నవాఁడు తన నెమ్మదినే కావలివానిగాఁ బోల్చుటలో నలంకారశోభ మాత్రమే కాదు, అనుభవముయొక్క బరువును గలదు.

ఒక యాక్షేపము మిగులును. నేఁటి చదువరికి, విశేషించి బడిపిల్లలకు, సమాధాన మనఁగాఁ బ్రశ్నోత్తరమే స్ఫురించును; అర్థసంకరము కలుగదా? కలుగును. అందుచేతనే యిటీవలి వాడుకభాషాంతరములలోఁ గొన్నింట ‘శాంతి’, ‘ఆశాభావము’ అను మాటలు ప్రవేశించినవి. సుబోధతకై చేసిన పనిని నిందింపరాదు. కాని యీ సంకరమే యొకచోట నపూర్వమగు నర్థమును వెలిఁబుచ్చుచున్నది. యోబు గ్రంథమున, బిడ్డలను సంపదను ఆరోగ్యమును గోల్పోయిన యోబు ‘ఏల?’ యని యడిగెను. స్నేహితులు శాస్త్రవాదములతో సమాధానములు చెప్పిరి. వాని మనసు మఱింత చెదరెను. తుదకు దేవుఁడు మాటాడునపుడు 38వ యధ్యాయము మొదలుకొని వినవచ్చునవి యుత్తరములు కావు, తిరుగు ప్రశ్నలు. అయినను యోబు కుదుటఁ బడెను. ఉత్తరములు పొందియు నెమ్మది లేదు. ఉత్తరము లేకయే నెమ్మది కలిగెను. బిడ్డను బోఁగొట్టుకొన్న తల్లికి నుత్తరము చెప్పవచ్చిన వారెల్లరును జదువవలసిన గ్రంథ మిది. ఒక్క పదమున నీ రెండర్థములును గలిగియుండుట తెలుఁగున కబ్బిన భాగ్యము.

ఈ రెండు పదములును గలసి నిలిచినచోటు యిర్మీయా గ్రంథము 29వ యధ్యాయము. క్రీ. పూ. 597లో బబులోనునకుఁ జెఱగొనిపోఁబడిన యూదులకుఁ బ్రవక్త యంపిన లేఖ యది. శీఘ్రమే విడుదల యగునని యాశ చూపు ప్రవక్తలు వారిలోఁ గొందఱుండిరి. యిర్మీయా యట్లు చెప్పలేదు. డెబ్బదియేండ్లు పట్టునని చెప్పెను. అంతదాఁక నేమి చేయవలెను? ఇండ్లు కట్టుఁడు, తోటలు నాటుఁడు, వాని పండ్లు తినుఁడు, బిడ్డలకుఁ బెండ్లిండ్లు చేయుఁడు, మిమ్ముఁ జెఱగొనిన పట్టణపు క్షేమముకై ప్రార్థింపుఁడు. పిదపనే నిరీక్షణయు సమాధానకరమగు నుద్దేశమును జెప్పఁబడినవి. ఆ లేఖను విన్న పెద్దలలో బెక్కండ్రు విడుదలను గన్నులార చూచియుండరు. వారి నిరీక్షణ నాటిన మొక్కలో నుండెను. ప్రభువు నేర్పిన ప్రార్థనయం దనుదినాహారమును మాత్రమే యడుగుటయు, రేపటి చింత రేపటికే విడువవలెననుటయు నీ మార్గమునకుఁ జెందినవే.

ఈ భావమును దెలుఁగు గొంతున నిలిపినవారిలో నగ్రగణ్యుఁడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున నితని రచనలు పెక్కులు గలవు. కీర్తనలకు రాగతాళములు శీర్షమున నుండుటఁ బట్టి యవి మన సంకీర్తన సంప్రదాయమునఁ బెరిగినవని స్పష్టము. కీర్తనమున చరణము మాఱుచుండును. పల్లవి మాఱక మరలి వచ్చును. చరణమున దుఃఖ మెంత క్రొత్తదైనను బల్లవిలోని శరణు పాతదే. నిరీక్షణను బాడుటకు నింతకంటెఁ దగిన రూపము లేదు. పద్యమట్లు కాదు, కథతో ముందునకు సాగును. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిన గుఱ్ఱము జాషువ ‘క్రీస్తు చరిత్ర’ యా రెండవ మార్గమునకుఁ జెందినది. కావ్యమును జదివి మెత్తుము. కీర్తనమును బాడుచుఁ బని చేసికొందుము. నిత్యజీవనమునకుఁ గీర్తనయే చేరువ.

గుణము చెప్పినచోట దోషమును జెప్పవలయును. నేఁటి బోధవాఙ్మయమునఁ గొంతభాగము నిరీక్షణను ధనాశగాను, సమాధానమును గష్టములేమిగాను దించివేసినది. మాట మాత్రము మిగిలి, లోపల పింగళ విడిచిన యాశయే మరల వచ్చి కూర్చున్నది. డెబ్బదియేండ్ల లేఖను జదివినవారి కిది తగదు.

కావున నిఘంటుకర్తలు ఈ పదములకు నీ యర్థములను ప్రయోగపూర్వకముగాఁ జేర్పవలెననియు, పాఠశాలల పండితులు వీనిని వింతప్రయోగములని త్రోసివేయక ధాతుమూలముగా వివరింపవలెననియు మా మనవి. రెండు నూఱులయేండ్లుగా రోగి మంచముకడను, సమాధియొద్దను, ప్రొద్దుటి ప్రార్థనయందును బలుకఁబడుచున్న మాటలు తెలుఁగు కాకపోవుట యెట్లు?