అడగడం కూడా సాధనే

మసాచుసెట్స్‌లో ఏటా ఆగస్టు మొదటి వారాంతంలో ఆరు వేల మందికి పైగా సైకిళ్ల మీద బయల్దేరతారు. ఆ యాత్ర పేరు పాన్-మాస్ ఛాలెంజ్. ఇక్కడివాళ్లం పీఎంసీ అంటాం. దారులు చాలా ఉన్నాయి. అందరికీ తెలిసిన దారి స్టర్‌బ్రిడ్జ్‌లో మొదలై, సముద్రంలోకి చెయ్యి చాచినట్టుండే కేప్ కాడ్ కొసన ప్రావిన్స్‌టౌన్‌లో ముగుస్తుంది. రెండు రోజులు, దాదాపు 300 కిలోమీటర్లు. వచ్చే డబ్బంతా బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ క్యాన్సర్ పరిశోధన సంస్థకు.

ఇందులో తొక్కుతున్నానని తణుకులో ఉన్న మా పెదనాన్నకు ఫోన్లో చెప్పాను. ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగారు: "సైకిలు తొక్కితే క్యాన్సర్ ఎలా తగ్గుతుందిరా? ఆ ఇచ్చేదేదో నేరుగా ఆసుపత్రికే ఇచ్చేయొచ్చుగా?"

మంచి ప్రశ్న. దానికి జవాబు సైకిలు ఎక్కకముందే దొరికింది.

తొక్కుతానని పేరు రాసుకున్న ప్రతివాళ్లూ కొన్ని వేల డాలర్లు పోగుచేస్తామని మాటివ్వాలి. గడువులోగా అంత రాకపోతే తక్కువపడింది మన క్రెడిట్ కార్డు మీద పడుతుంది. అందుకే చలికాలంలోనే రెండు సాధనలూ కలిసి మొదలవుతాయి, కాళ్లకొకటి, నోటికొకటి. మొదటిది తేలిక. రోజూ ఇంత దూరమని పెట్టుకుని తొక్కుతూ పోతే కాళ్లు అవే దారికొస్తాయి. రెండోదే గట్టిది. ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతకడమే గౌరవమని నేర్పిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లం. పెళ్లికి పిలవడానికి వంద గడపలు ఎక్కుతాం కానీ, వంద రూపాయలు అడగాలంటే గొంతు పెగలదు.

అడగడానికీ పద్ధతుంది. వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే దండాలు పెట్టే చేతుల బొమ్మలొస్తాయి, డబ్బు రాదు. ఒక్కొక్కరికీ విడిగా రాయాలి. ఎందుకు తొక్కుతున్నామో, ఎంత కావాలో, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో మూడు ముక్కల్లో చెప్పాలి. జవాబు రాకపోతే మళ్లీ అడగాలి, ఇచ్చాక తప్పకుండా పలకరించాలి. ఇలా అడిగితేనే తెలిసింది, నేను అడుగుతున్నది ఒక్క డబ్బే కాదని. పదేళ్లుగా పక్క క్యూబికల్‌లో కూర్చునే మనిషి తన తమ్ముడి సంగతి అప్పుడే మొదటిసారి చెప్పాడు. విజయవాడ స్నేహితురాలు, "మా అత్తయ్య పేరు కూడా రాసుకో" అంది. అలా వచ్చిన పేర్లన్నీ తెల్ల టేపు మీద బాల్‌పెన్నుతో రాసి, సీటు ముందున్న కడ్డీకి అతికించుకున్నాను. ఎత్తు ఎక్కుతూ తల వంచినప్పుడల్లా కంటపడేవి ఆ పేర్లే.

పరిశోధనకు జనం డబ్బెందుకు అని కూడా పెదనాన్న అడిగారు. ఆ జవాబు ఆయన ఇంట్లోనే ఉంది. కీళ్లవాతానికి పెద్దమ్మ వారానికొకసారి వేసుకునే మాత్ర మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందుల కుటుంబంలోది. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బును నయం చేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేయగలిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ కోవ మందులే లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ముదిరింది. మరి ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణానికి మేత అయితే, ఆ మేతను అడ్డుకుంటే? అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ కణాన్ని మోసంచేసే అమినోప్టెరిన్ లెడర్లీ నుంచే వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో మందు వాడిన పిల్లలు 16 మంది. వాళ్లలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

కొంతకాలమే. ఆ పిల్లలు బతకలేదు. కానీ ఇవాళ అమెరికాలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. వాళ్ల చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. ఆ మధ్య దూరమంతా పరిశోధనే, దానికి కావలసింది డబ్బూ ఓపికా. 1948 మే నెలలో ఒక రేడియో కార్యక్రమంలో ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న పిల్లాడిని 'జిమ్మీ' అనే మారుపేరుతో మాట్లాడించారు. బేస్‌బాల్ ఆటగాళ్లు అతని మంచం చుట్టూ చేరారు. వాడు ఆట చూసుకోవడానికో టీవీ కొనిపెట్టాలని కోరితే జనం రెండు లక్షల డాలర్లకు పైగా పంపారు. జిమ్మీ ఫండ్ అలా పుట్టింది. ఇవాళ పీఎంసీ డబ్బు చేరేది అందులోకే.

పీఎంసీని 1980లో మొదలుపెట్టిన బిల్లీ స్టార్ తల్లి మెలనోమాతో పోయింది. మొదటి ఏడు తొక్కింది 36 మంది, వచ్చింది 10,200 డాలర్లు. ఇప్పటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. నాకు మరీ నచ్చినది వాళ్ల లెక్క. తొక్కేవాళ్లు పోగుచేసిన ప్రతి డాలరూ పరిశోధనకే వెళ్తుంది. నిర్వహణ ఖర్చులు స్పాన్సర్లూ రిజిస్ట్రేషన్ రుసుములూ భరిస్తాయి. అడిగేటప్పుడు ఆ ఒక్క మాట ఎంత ధైర్యమిస్తుందో అడిగినవాళ్లకే తెలుస్తుంది. ఇలా జనం ఇచ్చే డబ్బుకు ఇంకో విలువ కూడా ఉంది. ప్రభుత్వ గ్రాంటు కావాలంటే ముందే కొంత ఫలితం చూపాలి. ఆ మొదటి ఫలితం రాబట్టేదాకా ఒక యువ శాస్త్రవేత్తను నిలబెట్టేది ఈ డబ్బే.

ఇక తొక్కడం. గుంపులో తొక్కడం ఒంటరిగా తొక్కడం లాంటిది కాదు. ముందు సైకిలు వెనక చక్రానికీ మన ముందు చక్రానికీ మధ్య ఉండేది కొద్ది అడుగులే. ముందువాళ్లకు గుంత కనబడితే ఆ వైపు చెయ్యి కిందికి చూపిస్తారు. అది చూసి మనం వెనకవాళ్లకు చూపించాలి. వెనకనుంచి కారొస్తే "కార్ బ్యాక్" అని ఒకరు కేకేస్తారు. ఆ కేక నోటినుంచి నోటికి ముందుదాకా పాకుతుంది. ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాళ్ల కాళ్లకు చాలా భారం తగ్గుతుంది, అందుకే ముందు చోటు మారుతూ ఉంటుంది. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. దారిలో ఒక మజిలీలో చికిత్స పొందుతున్న పిల్లలు తమతో జతకట్టిన జట్ల కోసం బోర్డులు పట్టుకుని నిలబడతారు. టోపీ అంచు కింద అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న ఒక పిల్లాడు నా సీసాలో ఐసుముక్కలు వేశాడు. ఒక్కటీ కిందపడకుండా, ఒక్కొక్కటిగా, మూతిదాకా నింపి మూత తనే బిగించాడు. తర్వాతి ఎత్తు ఎప్పుడెక్కానో నాకు గుర్తులేదు.

పెదనాన్నకు చివరికి ఇలా చెప్పాను. తిరుమలకు బస్సుంది. అయినా అలిపిరి నుంచి మెట్లెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. కోరిక కోసం ఒళ్లు కష్టపెట్టుకున్న మనిషి మాటను జనం నమ్ముతారు. నేను తొక్కేదీ అందుకే. చెమటోడ్చే మనిషి అడిగితే కాదనడం కష్టం. ఆయన ఇంకేమీ అడగలేదు. పెద్దమ్మ పేరు మీద డబ్బు పంపారు.

మన జనం పిసినారులు కారు. ఫలానా పాపకు ఆపరేషన్ అంటే రాత్రికి రాత్రి లక్షలు పోగవుతాయి. అన్నదానానికి అడగకుండానే ఇస్తారు. పేరూ ముఖమూ లేని, ఇంకా జబ్బు పడని పిల్లాడి కోసం ఇవ్వడమే మనకింకా అలవాటు కాలేదు. పరిశోధనకు ఇవ్వడమంటే ఆ పిల్లాడికి ఇవ్వడమే. అడిగేవాళ్లు లేక ఆ అలవాటు రాలేదు గానీ, ఇచ్చే మనసు లేక కాదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. తెల్లవారుజామున తొక్కే గుంపులూ ఉన్నాయి. వాళ్లలో ఒక్క గుంపు ఏడాదికొక ఆదివారాన్ని ఒక పరిశోధనశాల కోసం కేటాయించి, ఖర్చులు స్పాన్సర్లతో భరింపజేసి, వచ్చిన ప్రతి రూపాయి లెక్కా బయటపెడితే చాలు. 36 మందితో మొదలవడం సాధ్యమేనని పీఎంసీ చూపించింది. సుబ్బారావు పుట్టిన నేల మీద ఆ 36 మంది దొరకరంటే నేను నమ్మను.