గజ్జెలు ఎవరి కాళ్ళకి?

ఇంగ్లండ్ పల్లెల మోరిస్ నాట్యం గురించి ఏం చదివినా కథ ఒకేచోట మొదలవుతుంది. 1899 డిసెంబర్ 26న ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్‌లో సెసిల్ షార్ప్ అనే సంగీతోపాధ్యాయుడు అత్తగారింట్లో ఉండగా, కొందరు మగవాళ్ళు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, చేతిరుమాళ్ళు ఊపుతూ వచ్చి ఆడారు. చలికి పనులాగిపోయి, నాలుగు డబ్బుల కోసం అకాలంలో ఆడిన ఆట అది. షార్ప్ ఆ బాణీలు రాసుకున్నాడు. కళకి ప్రాణం పోసింది ఆయనేనంటారు. నా పేచీ ఇక్కడే.

ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆ బాణీలు కాగితం మీదే ఉన్నాయి. 1905లో లండన్‌లో కుట్టుపని చేసుకునే అమ్మాయిల కోసం ఎస్పెరాన్స్ క్లబ్ నడుపుతున్న మేరీ నీల్, హెడింగ్టన్ వెళ్ళి విలియం కింబర్‌ని పిలుచుకొచ్చింది. ఇటుకపని చేసే ఆ మనిషి ఆడపిల్లలకి నేర్పడానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. రోజంతా సూదితో పనిచేసి, సాయంత్రాలు నేర్చుకున్న ఆ అమ్మాయిలే తర్వాత ఊరూరా తిరిగి నేర్పారు. వాళ్ళలో ఫ్లోరీ వారెన్ అమెరికా దాకా వెళ్ళింది. పల్లె మగవాళ్ళ ఆటని పల్లెలకి తిరిగిచ్చింది నగరపు కుట్టుపని అమ్మాయిలన్నమాట!

తర్వాత నీల్‌కీ షార్ప్‌కీ చెడింది. ఆడేవాళ్ళ ఉత్సాహం ముఖ్యమని ఆమె, అడుగు తప్పకూడదని ఆయన. షార్ప్ రాసి పెట్టకపోతే చాలా నాట్యాలు పోయేవి, నిజమే. కానీ ఏది అసలైనదో తేల్చే అధికారం ఆయనకెవరిచ్చారు? 1911లో ఆయన జానపద నృత్య సంఘం పెట్టాడు. పేరు ఆయనకే మిగిలింది. నీల్ కూడా ఆ అమ్మాయిల తరఫున మాట్లాడిన పై తరగతి స్త్రీయే అన్నది మరిచిపోకూడదు. మహిళల ఓటుహక్కు పోరాటంలో ఉన్న మనిషైనా సరే.

1934లో ఏర్పడ్డ మోరిస్ రింగ్ మగ బృందాలనే చేర్చుకుంది. 'సంప్రదాయం' అన్నారు. అబ్బాట్స్ బ్రోమ్లీ కొమ్ముల నాట్యంలో మెయిడ్ మరియన్ వేషం కట్టేది మగవాడే. ఆడవేషం కావాలి, ఆడమనిషి వద్దు! మరి 1600లో విల్ కెంప్ లండన్ నుంచి నార్విచ్ దాకా మోరిస్ ఆడుతూ వెళ్ళినప్పటి సంగతేమిటి? సడ్బరీలో అతనితో ఆడబోయిన కసాయివాడు అరమైలుకే చేతులెత్తేస్తే, ఒక పల్లెటూరి పిల్ల గజ్జెలు కట్టుకుని మైలుదూరం ఆడింది. కెంప్ స్వయంగా అచ్చువేసుకున్న మాటే ఇది. సంప్రదాయం గురించి మాట్లాడేవాళ్ళకి ఈ పేజీ ఎందుకు కనపడదో!

1975లో స్త్రీలు తమ సమాఖ్య తామే పెట్టుకున్నారు. మోరిస్ రింగ్ తలుపు తెరవడానికి 2018 దాకా పట్టింది.