గోదారి జారుడుబల్ల

పోలవరం స్పిల్‌వే చూడ్డానికి వచ్చే చుట్టాలు ముందు గేట్లు లెక్కపెడతారు. 48 ఉన్నాయని తేలాక ఫొటోలకు నిలబడతారు. నా కన్ను మాత్రం గేట్ల కింద కాంక్రీటు తిరిగిన వంపు మీదికే పోతుంది. నెత్తిన కాస్త గుండ్రంగా లేచి, ముందుకు వాలి దిగిపోయే ఆ వంపును ఇంజినీర్లు ఓజీ అంటారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని వాటర్ పార్కుకు తీసుకెళ్తే అక్కడా అదే వరస, కాకపోతే రంగురంగుల ఫైబర్‌లో. ఇక్కడ జారేది గోదారి, అక్కడ జారేది మనం.

ఆ వంపు అందం కోసం పెట్టింది కాదు. పదునైన అంచు మీంచి నీటిని దూకనిస్తే, గాలిలో ఆ ధార అడుగు ఏ గీత గీస్తుందో కాంక్రీటును సుమారుగా ఆ గీతకే పోస్తారు. అప్పుడు నీరు కాంక్రీటును ఒరుసుకుంటూ దిగుతుంది. లెక్క వేసినదానికి బాగా మించిన ఎత్తున నీరు వచ్చిందా, ధార కాంక్రీటును వదిలి లేవాలని చూస్తుంది. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు కట్టడం ఊరికే కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ నీరంతా దిగువకు వచ్చింది ఈ వంపు మీంచే.

స్లైడ్ కట్టేవాడి బెంగా ఇదే, జారేవాడు ఫైబర్‌ను వదిలి లేవకూడదు. కదలని స్థితి నుంచి మొదలుపెట్టిన మనిషికి 20 మీటర్ల ఎత్తు దిగేసరికి, రాపిడి లేదనుకుంటే, గంటకు 70 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఈ లెక్కలో బరువు ఎక్కడా లేదు. కానీ రాపిడి, గాలి కలిశాక, ట్యూబుల్లో కూర్చుని దిగేచోట బరువున్న ట్యూబే కాస్త ముందుంటుంది. ఎండకు కాగిన ఇనప జారుడుబల్ల మీద తొడలు అంటుకుని ఆగిపోయే పిల్లాడే పల్చటి నీటి పొర పడితే రివ్వున దిగుతాడు. రేవు మెట్ల మీద పాకుడు తొక్కినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఇక మెరక. దిగే వేగంతో మళ్లీ చిన్న మెరక ఎక్కించే స్లైడ్లున్నాయి. వేగం ఎక్కువై, మెరక వంపు గట్టిదైతే నేల కిందికి తప్పుకుంటుంది, మనిషి గాలిలో ఉంటాడు. అమెరికాలోని కాన్సస్ సిటీలో 2014లో వెర్రుక్ట్ అని 51 మీటర్ల స్లైడ్ తెరిచారు. ముగ్గురు కూర్చునే రాఫ్ట్. ఇసుక బస్తాలతో పరీక్షించినప్పుడే రాఫ్ట్‌లు ఎగిరిపోయాయి. వంపు సరిచేశారు గాని, ఎగిరినా బయట పడకుండా పైన ఇనప కమ్మీలు వంచి వల కూడా కట్టారు. 2016 ఆగస్టు 7న రెండో మెరక మీద రాఫ్ట్ లేచింది. ముందు కూర్చున్న పదేళ్ల పిల్లవాడు ఆ కమ్మీకే తగిలి చనిపోయాడు. తర్వాత స్లైడ్‌ను కూల్చేశారు. వల కట్టిన రోజే దాన్ని మూసెయ్యాల్సింది.

కాలేజీ బ్యాచ్‌లు చేసే పని ఇంకోటి ఉంది, ఒకరి నడుం ఒకరు పట్టుకుని రైలుబండిలా దిగడం. 1997 జూన్‌లో కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో హైస్కూలు పిల్లలు గుంపుగా ఒకే స్లైడ్‌లోకి దిగారు. ఆ బరువుకు స్లైడ్ విరిగి ఒకమ్మాయి చనిపోయింది, 32 మంది గాయపడ్డారు. పైన నిలబడి చెయ్యి అడ్డంపెట్టే కుర్రాడు ఇద్దరి మధ్య అడిగే ఎడం కొన్ని సెకన్లే. ఆ కాసేపటికే వాడి మీద అరిచే నాన్నల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాడు చెప్పేవన్నీ వినదగ్గవే. వెల్లకిలా పడుకో, చేతులు గుండె మీద కట్టుకో, చీలమండ మీద చీలమండ వెయ్యి అంటాడు. లేచి కూర్చుంటే ఒంటి బరువు పైకొచ్చి మలుపులో దొర్లుతారు. నిటారు స్లైడ్‌లో కాళ్లు విడిస్తే కింద నీళ్లు కొట్టే దెబ్బ ఎక్కడ తగులుతుందో డాక్టర్లకు బాగా తెలుసు. చున్నీలు, ఇనప జిప్పులు, మెడలో గొలుసులు కింద పెట్టి ఎక్కాలి. గర్భిణులు, నడుంనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు.

దిగాక ఆగడమూ ఓ విద్యే. స్పిల్‌వే కింద స్టిల్లింగ్ బేసిన్ ఉంటుంది. దూసుకొచ్చిన నీరు అక్కడ నిదానపు నీటిని గుద్దుకుని, తెల్లగా ఎగిసి, వేగమంతా అక్కడే పోగొట్టుకుని సాగుతుంది. ఆ పని చెయ్యకపోతే వేగం నది అడుగును తవ్వుకుపోతుంది. స్లైడ్ చివర నీళ్లు నిలిచిన పొడుగాటి బల్లపరుపు దారీ అందుకే. ఆ నీళ్లే ఆపుతాయి, మనం కాలు ఆనించి ఆపబోతే మడమే పోతుంది. ఆగగానే లేచి పక్కకు వచ్చెయ్యాలి, వెనకాల ఇంకొకరు వస్తుంటారు.

అందుకని ఈ వేసవిలో పార్కుకు వెళ్లే అమ్మానాన్నలకు ఒక్క మనవి. మెట్ల దగ్గర పిల్లల ఎత్తు కొలిచే గీత ఉంటుంది. ఎత్తు తక్కువుంటే మామూలుగా బరువూ తక్కువే, తేలిక పిల్లాణ్ని నీళ్లు ఎటైనా విసరగలవు. అక్కడ నిలబడి, అంగుళమే కదా బాబూ అని బేరాలాడకండి.