తోడేలు ఏ పేజీలో రావాలి?

న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో 1695 నాటి రాతప్రతి ఒకటుంది. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కొలువులో పనిచేసిన షార్ల్ పెరో పేరుతో తర్వాత అచ్చయిన కథలు కొన్ని అందులో ముత్యాల్లాంటి చేతిరాతలో, చిన్న చిన్న రంగు బొమ్మలతో ఉన్నాయి. వాటిలో ఎర్ర టోపీ పాప కథ ఒకటి. మన పిల్లలు ఇంగ్లీషు బడుల పుణ్యమా అని లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ అనే కథే అది. చివర్లో పాప అమ్మమ్మ పళ్లు చూసి ఇంత పెద్దవేమిటని అడుగుతుంది, నిన్ను తినడానికేనని తోడేలు అంటుంది కదా. సరిగ్గా అక్కడ, పేజీ అంచున, చదివి వినిపించేవాళ్లకు ఒక సూచన రాసి ఉంది. ఈ మాట గట్టిగా అనాలట, తోడేలు నిజంగానే మీద పడుతోందని పిల్ల బెదరాలట.

ఆ అంచు రాత గుర్తొచ్చినప్పుడల్లా కథ చెప్పేవాళ్ల మీద నాకు ఈర్ష్య కలుగుతుంది. నోటితో చెప్పేవాళ్లు గొంతు తగ్గించగలరు, ఆగగలరు, పిల్ల మొహంలోకి ఒకసారి చూసి ఉన్నట్టుండి అరవగలరు. పాత కథను అచ్చు కోసం తిరగరాసే నాబోటివాళ్లకు ఆ గొంతు లేదు. మాకున్నవి బొమ్మ, పేజీ తిప్పే పిల్లల వేలు. ఈ రెంటినీ నమ్ముకుని కథ చెప్పాలంటే రాసేవాడు చాలాచోట్ల నోరు మూసుకోవాలి. అంతకంటే కష్టమైన పని నాకింకోటి తెలియదు.

తిరగరాయడానికి కూర్చోగానే ఎదురయ్యే మొదటి చిక్కు, ఎవరి కథ తీసుకోవాలన్నది. పెరో 1697లో పారిస్‌లో అచ్చు వేయించిన పుస్తకంలో వేటగాడు లేడు. తోడేలు అమ్మమ్మను తిన్నది, పాపను తిన్నది, కథ అయిపోయింది. కింద ఒక నీతి పద్యం. వేటగాడు వచ్చి కత్తెరతో తోడేలు పొట్ట కోసి ఇద్దర్నీ ప్రాణాలతో బయటికి తియ్యడం, ఆ పొట్టనిండా రాళ్లు నింపడం 1812లో గ్రిమ్ సోదరుల జర్మన్ పుస్తకంతో వచ్చాయి. మన పిల్లలకు తెలిసింది ఈ రెండోదే. బుట్టలో సరుకు కూడా మారింది. పెరో పాప రొట్టె, చిన్న గిన్నెడు వెన్న తీసుకెళ్తుంది. గ్రిమ్ పాప బుట్టలో కేకు, వైన్ సీసా ఉంటాయి.

ఈ సీసా మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. ట్రీనా షార్ట్ హైమన్ అనే చిత్రకారిణి 1983లో గ్రిమ్ కథకు కొత్త బొమ్మలు వేసింది. చిన్నతనంలో అమ్మ కుట్టిచ్చిన ఎర్ర పైవస్త్రం వేసుకుని తనే ఆ పాపనని తిరిగిన మనిషి ఆమె. ప్రతి పేజీకీ చుట్టూ చీర అంచులంత ఓపిగ్గా డిజైన్లు గీసింది. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి, అక్కడ బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ గౌరవం దక్కింది. 1990లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ బడులవాళ్లు దాన్ని పిల్లలకు అందకుండా చేశారు. కారణం బుట్టలోని వైన్. తోడేలు ముసలమ్మను మింగినా ఫరవాలేదు గానీ ఆ ముసలమ్మ ఒక గుక్క పుచ్చుకుంటే పిల్లలు చెడిపోతారు! బొమ్మల పుస్తకాన్ని పెద్దవాళ్లు ఎలా చదువుతారో ఇంతకన్నా బాగా చెప్పే ఉదంతం నాకు దొరకలేదు.

ఈ కథకు పడ్డ బొమ్మలన్నిట్లో పేరుమోసినవి గుస్తావ్ దొరే వేసినవి. 1862లో, ముప్పై ఏళ్ల వయసులో, పెరో కథలన్నిటికీ వేశాడు. అవి చెక్క మీద చెక్కి అచ్చేసిన నలుపు తెలుపు బొమ్మలు. కథ పేరులోనే ఎరుపు ఉంది, బొమ్మలో మచ్చుకైనా ఎరుపు లేదు. అయినా ఆ లోటు ఎవరికీ తెలియదు. అడవిలో పాప తోడేలును కలుసుకునే బొమ్మ చూడండి. తోడేలు మనవైపు వీపు పెట్టి, పాపకు అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని మొహం మనకు సరిగా కనబడదు, పాపకు కనబడుతుంది. పాప తల కొంచెం ఎత్తి దాన్నే చూస్తోంది. భయపడుతోందా, ముచ్చటపడుతోందా అంటే రెండూ ఉన్నాయి. ఇక మంచం మీది బొమ్మలో తోడేలు అమ్మమ్మ టోపీ పెట్టుకుని పక్కనే పడుకుని ఉంది. పాప దుప్పటి ఛాతీ దాకా లాక్కుని ఓరగా దానివంక చూస్తోంది. ఈపాటికి పాపకు సంగతి తెలిసిపోయింది. ఆ ఒక్క చూపును మాటల్లో పెట్టాలంటే నాకు రెండు పేరాలు పడతాయి, ఆ రెండు పేరాలూ దొరే బొమ్మ పక్కన దండగే.

నాతో పనిచేసే చిత్రకారిణి ఒకామె ఉంది. వయసులో నాకంటే చాలా చిన్నది. నా రాత చేతికివ్వగానే పెన్సిలు తీసుకుని కూర్చుంటుంది. “మాస్టారూ, అడవి అంతా మీరే వేసేశారు. ఇంక నేనేం వెయ్యను?” అంటుంది. ఆమె గీత కొట్టే వాక్యాలు ఎలా ఉంటాయంటే, “ఆకాశాన్ని అంటే చెట్ల మధ్య చీకటి కమ్ముకున్న దారిలో పాప భయం భయంగా అడుగులు వేసింది” అన్న రకం. పత్రికలో కథకైతే నడిచిపోతుంది. బొమ్మల పుస్తకంలో చెట్లు, చీకటి, దారి, భయం నాలుగూ ఆమె పనే. చివరికి ఆ పేజీకి మిగిలేది “పాప దారి వదిలి పూల వెంట పోయింది” అన్న ముక్క. దారి వదలడం ఒక్కటే అక్కడ కథ. మిగతాదంతా కంటితో చూసేది.

మాలీ బ్యాంగ్ అనే అమెరికన్ చిత్రకారిణి 1991లో బొమ్మలు ఎలా పనిచేస్తాయో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాసింది. దానికి ఈ కథనే తీసుకుంది. రంగు కాగితాలు కత్తిరించి పెట్టడం తప్ప గీత గియ్యలేదు. పాప ఒక ఎర్ర త్రికోణం. అమ్మను కూడా ముందు ఎర్ర త్రికోణంగానే పెట్టి చూసింది. మరీ భారంగా, బెదిరిస్తున్నట్టు అనిపించింది. మూలలు గుండ్రంగా చేసి రంగు లేత ఊదాకు మార్చేసరికి అమ్మ అమ్మలా కనిపించింది. చెట్లను నిటారుగా, పైన పేజీ అంచు దాటిపోయేలా పెడితే అడవి ఎత్తు తెలిసింది. వాటిని కాస్త వాల్చేసరికి, ఇంకా తోడేలు రాకముందే, చూసేవాళ్లకు ఏదో జరగబోతోందన్న గుబులు పట్టుకుంది. తోడేలును మొనదేలిన నల్ల త్రికోణాలతో కట్టి ముందుకు తెచ్చి, పాపను చిన్నది చేసి వెనక్కి నెట్టింది. పిల్లల పుస్తకాలకు రాసేవాళ్లు, ముఖ్యంగా బొమ్మలు వెయ్యడం రానివాళ్లు, ఆ పుస్తకం చదవాలి. మన విశేషణాలు చేసే పనులన్నీ ఆ కాగితం ముక్కలు ఎంత తేలిగ్గా చేస్తాయో చూస్తే కొంచెం సిగ్గేస్తుంది కూడా.

అంతకు ముందే, 1965లో, స్విస్ చిత్రకారిణి వార్యా లావటెర్ ఇంకా దూరం పోయింది. ఆమె ఎర్ర టోపీ పాప పుస్తకం మడతలు విప్పితే నాలుగు మీటర్లకు పైనే పొడవు. అందులో కథ చెప్పే మాట ఒక్కటీ లేదు. ఎర్ర చుక్క పాప, నల్ల చుక్క తోడేలు, పచ్చ చుక్కలు అడవి, నీలం చుక్క అమ్మమ్మ, గోధుమరంగు చుక్క వేటగాడు. ఏ చుక్క ఎవరో మొదట్లో పట్టీ ఉంటుంది, అంతే. పెద్దలు దాన్ని కళాఖండమంటూ అద్దాల పెట్టెలో పెట్టి చూస్తారు. ఒకసారి పట్టీ చూసిన పిల్లలైతే గబగబా కథ చెప్పేస్తారు.

ఇక పేజీల సంగతి. బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలు. ఫారాల లెక్కన అలా కుదిరింది. టైటిలు, ప్రచురణ వివరాలు పోగా కథకు మిగిలేవి పద్నాలుగు స్ప్రెడ్లు, అంటే ఎదురెదురు పేజీల జతలు, అనుకోండి. కథను ఆ పద్నాలుగు ముక్కలుగా విడగొట్టి, తెల్ల కాగితాలు మడిచి, పెన్సిలుతో డమ్మీ చేసుకుంటాం. సగం నిర్ణయాలు అక్కడే అయిపోతాయి. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి పాప కూడా అటే నడవాలి. అప్పుడు పేజీ తిప్పడమంటే పాపతో కలిసి ముందుకు పోవడమే. తోడేలు కుడివైపు నుంచి ఎదురురావాలి. అదే పుస్తకం ఉర్దూలో వేస్తే బొమ్మలన్నీ అటుదిటు ఆలోచించుకోవాలి, హైదరాబాదులో పనిచేసేవాళ్లకు ఇది మామూలు తలనొప్పే. కుట్టు పడే నడిమి గాడిలో పాప మొహం రాకూడదు. వస్తే కథ ఎంత బాగున్నా ముక్కు రెండుగా చీలిన పాపే గుర్తుంటుంది.

వీటన్నిటికీ మించి, తోడేలు ఏ పేజీలో రావాలన్న ప్రశ్న ఉంది. చెవులు, కళ్లు, చేతులు, పళ్లు అంటూ సాగే ఆ ప్రశ్నోత్తరాలను చాలా పుస్తకాలు ఒకే పేజీలో కుక్కేస్తాయి. పైన ప్రశ్న, కింద జవాబు, పక్కన నోరు తెరిచిన తోడేలు. చదవకముందే అంతా కనబడిపోయింది, ఇక పేజీ తిప్పే పనేముంది? మేం పళ్ల ప్రశ్నను కుడిపక్క పేజీలో, అట్టడుగున పెడతాం. పైన తెల్లటి దుప్పటి, చీకటి గది, అంతే. జవాబు పేజీ తిప్పాకే. నిజానికి జవాబు రాయనే రాయం. రెండు పేజీల నిండా నోరు. పెరో కాలంలో అంచున రాసిన “గట్టిగా అనాలి” అన్న సూచన ఇక్కడ బొమ్మ సైజులోకి మారింది. ఆ పేజీ దగ్గర పిల్లలు కెవ్వుమంటారు, నవ్వుతారు. తర్వాత చాలామంది చేసే పని ఒకటుంది. వెనక్కి తిప్పి, దుప్పటి కింద నుంచి తోక ముందే కనబడిందా అని వెతుకుతారు. కనబడాలి కూడా. చిత్రకారులకు అంతటి పెన్నిధి ఇంకోటి లేదు.

పిల్లలు జడుసుకుంటారని తోడేలు అమ్మమ్మను మింగకుండా బీరువాలో దాచే పుస్తకాలు వస్తున్నాయి. నాకవి నచ్చవు. మింగకపోతే బయటికి తియ్యడం ఉండదు. భయం తగలాల్సిన చోట తగిలి, మూడు పేజీల తర్వాత తీరిపోవాలి. అలాగని ఏ భయమైనా ఏ వయసుకైనా పనికొస్తుందని అనను. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సారా మూన్ 1983లో పెరో కథకు నలుపు తెలుపు ఫొటోలు తీసింది. నగరం వీధులు, రాత్రి, ఒంటరి పిల్ల. తోడేలు బదులు దీపాలు వెలుగుతున్న నల్ల కారు. ఆఖరి ఫొటోలో నలిగిన పక్క. దానికి బొలోన్యా పుస్తక ప్రదర్శనలో బహుమతి ఇచ్చారు. గొప్ప పుస్తకమే. ఆరేళ్ల పిల్ల చేతిలో మాత్రం నేను పెట్టను. పదిహేనేళ్లు వచ్చాక, పక్కన కూర్చుని మాట్లాడే పెద్దవాళ్లుంటే, పెట్టి తీరాలంటాను.

మన సంగతికొస్తే, బొమ్మలతో కథ చెప్పడం మనకు రానిదేం కాదు. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి దూసి నడిచే విక్రమార్కుడు అనగానే చందమామలో శంకర్ వేసిన బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. ఏ నెల కథ ఏమిటో ఎవరికీ గుర్తులేదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు కత్తిరించి గోడకు అంటించుకున్న ఇళ్లెన్నో. విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన మాస్కో పుస్తకాలను అక్షరాలు రాకముందే బొమ్మల్లో చదివేసినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. అయినా ఇప్పటికీ చాలాచోట్ల పద్ధతి ఏమిటంటే, కథ ముందు డీటీపీ అయిపోతుంది, ఖాళీ మిగిలిన గళ్లలో “ఇక్కడో తోడేలు, ఇక్కడో ముసలమ్మ” అని చిత్రకారులకు చెబుతారు. డబ్బు గడికింత. పేరు లోపలి పేజీలో, ముద్రణాలయం చిరునామా పక్కన, చీమ తలకాయంత. కొన్నిట్లో అదీ ఉండదు. నెట్‌లోంచి దించి అతికించిన తోడేళ్లకు పేరెలా వేస్తారు? తూలిక, ప్రథమ్ బుక్స్ లాంటి ప్రచురణకర్తలు రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు అట్ట మీద పక్కపక్కన వేస్తున్నారు. దానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

ఈసారి పుస్తక ప్రదర్శనకు వెళ్లినప్పుడు పిల్లల పుస్తకం చేతిలోకి తీసుకుంటే, ధర చూసేముందు అట్ట మీద బొమ్మలు వేసినవారి పేరుందో లేదో చూడండి. లేకపోతే స్టాల్లో ఉన్నవాళ్లను అడగండి, “ఈ బొమ్మలు ఎవరు వేశారండీ?” అని. నలుగురు అడిగితే వచ్చే ముద్రణలో వేస్తారు.